అవ్వ మరగబెట్టిన నీళ్లు

పొయ్యి మీద చారు మరిగి మరిగి చిక్కబడుతుంటే ధనియాలూ వెల్లుల్లీ చింతపండూ కలిసిన ఆ వాసన, ఈ వనపర్తి మూడో అంతస్తు వంటింట్లో ఎప్పుడు ముక్కుకు తగిలినా, నేను ఇటిక్యాల దగ్గరి మా ఊళ్లో, నాన్నను కన్న అవ్వ పక్కన చేరిపోతాను.

మా ఇంటి బోరు నీళ్లంటే అవ్వకు ఎక్కడలేని గొప్ప. ఎండాకాలం, వాకిలంతా పల్లికాయ కుప్పల మట్టివాసన నిండిన రోజుల్లో, జొన్నరొట్టె తిని ఆ నీళ్లు తాగితే ప్రాణం లేచొచ్చేది. నా ముందు పళ్ల మీది గోధుమరంగు మరకలు ఆ నీళ్ల చలవేనని మాకు తెలియదు. ఫోటో అంటే చాలు, మూతి బిగించేదాన్ని. ఒకరోజు ఊళ్లోకి నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చినాయన, మా బోరు నీళ్లలో లీటరుకు రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనీ, నా పళ్ల మరకలు దానివల్లేననీ అన్నాడు. అప్పుడప్పుడే పాకుతున్న మా తమ్ముణ్ని చూసి, "ఈ పిలగానికన్న మంచి నీళ్లు తాపుండ్రి. చిగుళ్లల్ల పండ్లు ఇప్పుడే తయారైతుంటయ్" అని చెప్పిపోయాడు.

లీటరు నీళ్ల బరువు పది లక్షల మిల్లీగ్రాములని బడిలో కొత్తగా నేర్చుకున్న నేను, ఆ లెక్క అవ్వకు వినిపించాను.

"పది లచ్చలల్ల రెండా? గింతదానికి గంత పరేషానా! మరగబెడితే అదే పోతది" అంది.

ఆ రోజు నుంచి పొగలో కళ్లు నులుముకుంటూ, మనవడి నీళ్లను కషాయంలాగా సగానికి సగం ఇగరబెట్టేది. ఆ శ్రద్ధ చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

ఒకనాడు చారు అట్లాగే ఇగిరిపోయింది. ముద్ద నోట పెడితే కటిక ఉప్పు.

"ఎప్పుడేసినంతనే ఏసిన బిడ్డా. నీళ్లు ఇగిరినయ్ గని ఉప్పు యాడికి పోతది?"

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లీటరు నీళ్లు అర లీటరైనా ఆ రెండు మిల్లీగ్రాములూ అందులోనే ఉంటాయి. అంటే లీటరుకు నాలుగు!

"మరి తమ్ముని నీళ్లల్ల ఉన్నది యాడికి పోతదవ్వా?"

అవ్వ చారు గిన్నెను చూసింది, పిల్లాణ్ని చూసింది. లేచి, చల్లార్చిన నీళ్లు చెట్టు మొదట్లో కుమ్మరించింది.

"నా చేతులతోనే తాపితి గదనే" అని కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే, 'చప్పిడి నీళ్లు' అని తాను రోజూ వెక్కిరించే, ఊళ్లోని నది నీళ్ల నల్లా దగ్గర, బిందె చంకన పెట్టుకుని వరుసలో నిలబడింది.

ఇప్పుడు అవ్వ లేదు. బోరు ఎండిపోయింది, కట్టెల పొయ్యి ఉన్నచోట బండి పెడుతున్నారు. మొన్న తమ్ముడొస్తే కబుర్లలో పడి నేనూ చారు ఇగరబెట్టాను.

"ఇంత ఉప్పేందక్కా!" అంటూ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఒక్క మరక లేదు. వాణ్ని చూసి నేనూ, మూతి బిగించడం మరిచిపోయి నవ్వేశాను.