పన్నెండు మగ్గాలకు ఒకటే గురువారం

ఒక్క గ్రాఫు కాగితంతో పన్నెండు మగ్గాలను మూలన పడేసిన మొనగాణ్ని నేను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బెంగళూరు కబ్బన్‌పేటలో వెలగబెట్టిన ఆ ఘనకార్యం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నవ్వేవాళ్లు నవ్వండి. ఆ కుర్రకుంక నేను కాకపోయుంటే నేనూ నవ్వేవాణ్ని.

అప్పుడే లెక్కల్లో బి.ఎస్సీ. ప్యాసయ్యాను. మా మేనమామ రంగప్పకు పన్నెండు మగ్గాల పట్టుచీరల కార్ఖానా ఉండేది. రోజూ ఏదో ఒక మగ్గం మీద పడుగు అయిపోయేది. దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పని ముద్దన్న తాత ఒక్కడికే వచ్చు. వేళ్లకు బూడిద రాసుకుని పొద్దస్తమానం కూర్చుంటే రోజుకు ఒక మగ్గం తెమిలేది.

అలా రోజూ ఒక మగ్గం ఊరికే పడి ఉండటం నాకు మహాపాపంగా తోచింది. పైగా చిక్కపేట షావుకారు పెళ్లిచీరలు అడిగి, ముహూర్తాల లోపు అందకపోతే ఇక మీ గడప తొక్కనని చెప్పి వెళ్లాడు. మామకు ఆయనే పెద్ద దిక్కు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతితోపాటు మామ మగ్గాలు కూడా పోయాయి. సమీకరణాలు రాశాను, గీతలు గీశాను. పడుగు ఎక్కువ మిగిలిన మగ్గాలకు చురుకైన నేతగాళ్లు, తక్కువ మిగిలినవాటికి నిదానస్తులు. అన్నీ ఒకేరోజు ముగుస్తాయి. అతుకుకు ఒక రోజు. తర్వాత మళ్లీ పరుగే పరుగు.

ముద్దన్న తాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో నేను యాడుండానప్పా?"

"లెక్కలో మనుషులు కనబడరు తాతా" అన్నాను జాలిగా. నన్ను చెప్పుతో కొట్టాల్సింది అప్పుడే.

పది రోజులు ఒక్క మగ్గమూ ఆగలేదు. మామ వీధంతా నన్ను పొగిడాడు. గురువారం పొద్దున పన్నెండూ ఆగిపోయాయి. నా లెక్క ఒక్క పూట కూడా తప్పలేదు, ఖర్మ.

"దినానికి ఒగటి. పన్నెండు దినాలు" అన్నాడు తాత.

మామ అరవలేదు. అరిచినా బాగుండేది. "అన్నీ ఒకేతూరి నిలిచిపోకుండా మా నాయన కాలం నుంచి పడుగులు ఎచ్చుతగ్గులుగా పెట్టుకోనుండేది ఎందుకనుకొంటివిరా?"

సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ని మళ్లీ లెక్క వేశాను. ఇద్దరం అతికితే ఆరు రోజులే కదా. బూడిద పూసుకుని నేనూ ఒక మగ్గం ముందు కూర్చున్నాను. సాయంత్రం తాత వచ్చి వేలితో మీటాడు. అతికినవి అతికినట్టే ఊడాయి. ఊడనివి ఒకదాని మీదొకటి ఎక్కి చిక్కుపడ్డాయి.

"ఈటిని విప్పేదానికే రెండు దినాలు పడతాది" అన్నాడు తాత. "నువ్వు ముట్టుకోకుంటే పన్నెండు. ముట్టుకొంటివి, పద్నాలుగు. సుమ్నె, గమ్మున ఇంటికి పో అప్పా."

షావుకారు చీరలు పక్కవీధిలో నేయించుకున్నాడు. అన్నమాట ప్రకారం మామ గడప మళ్లీ తొక్కలేదు.

అందుకని అయ్యలారా, అమ్మలారా, పడుగూ పేకల సాక్షిగా శపథం చేశాను. ఏ పనికి లెక్క వేసినా, ముందు ఆ పని చేసే మనిషిని అడుగుతాను. అడగడం మరిచి కొంప ముంచితే మాత్రం, చచ్చినా సాయానికి వెళ్లను.