బోటింజన్ మీద గొడుగు

నూజివీడులో మామిడి వ్యాపారం చేసే మా మావయ్య పోయారని ఆయన పక్క షాపాయన ఫోన్ చేసి చెప్పాడు. "మీరు చూశారాండీ?" అన్నాను. అలా అడగకూడదని తెలుసు. కానీ చెప్పేవాళ్లు కళ్లారా చూశారో లేదో తేల్చుకోకుండా ఏ కబురూ నమ్మొద్దని నాకు నేర్పింది మావయ్యే. అత్తయ్యకు చేశాను. ఆవిడ ఏడుపు విన్నాక ఇక అడగడానికేమీ మిగల్లేదు.

అంత అనుమానం మనిషిని నేను చూడలేదు. కాయల గంప వస్తే పైవరస వంక చూసేవారే కాదు. చెయ్యి అడుగుదాకా దూర్చి ఒక కాయ లాగి, కోసి, వాసన చూసేవారు. అత్తయ్య కాఫీలో పంచదార వేశానన్నా చెంచాతో అడుగు కలిపి చూసుకున్నాకే తాగేవారు. "పైన ఉండేది వాళ్లు మనకి చూపించాలనుకున్నదిరా. అసలుది అడుగునుంటది" అనేవారు. చాటున అందరూ నవ్వుకునేవాళ్లు, నాతో సహా.

కృష్ణలో పర్యాటకుల్ని తిప్పే ఒక బోటులో ఆయనకు సగం వాటా. నడిపేది నేను. వేసవిలో నీళ్లు తగ్గగానే ఇంజన్ విప్పి ఆయన మామిడి షెడ్డులో పెట్టేవాళ్లం. ఒక ఏడాది వానలు పడ్డాక మళ్లీ బిగిస్తే, ఇంజన్ పైకి లేవనంది. బోటు వెనక వేలాడే ఆ ఇంజన్‌ని ఎత్తి దించడానికి వేరే ఒక చిన్న మోటారుంటుంది. ఇసుక మేట వస్తే స్విచ్ నొక్కి ఎత్తాలి, లేకపోతే నీళ్లలో తిరిగే ఫ్యాను విరుగుతుంది. మేం చేత్తో ఎత్తి పెడితే స్విచ్‌కి దిగుతోంది గానీ, ఎత్తమంటే ఉలకట్లేదు.

రెండో వాటాదారు అక్కడే తేల్చేశాడు. "మీ మేనల్లుడు కిందటేడు ఇసుకలోకి ఎక్కించి మోటారు కాల్చేశాడండీ. చెప్పకుండా దాచాడు. ఇంక బోటు వేరేవాళ్లకిద్దాం."

నాకొచ్చిన పని అదొక్కటే. మావయ్య నా వైపు తిరిగారు.

"కాల్చావా?"

"లేదు మావయ్యా."

"సరే, చూద్దాం" అన్నారు. నమ్మానని మాత్రం అనలేదు. ఆ పూట నాకు చాలా కష్టంగా అనిపించింది.

పంచె ఎగ్గట్టి రేవులోనే కూర్చున్నారు. తోటలో బోరు మోటార్లతో ఏళ్ల తరబడి వేగిన మనిషి. ముందు బ్యాటరీ చూపించమన్నారు. బాగానే ఉంది. ఆయిల్ నిండుగానే ఉంది. బ్యాటరీ నుంచి రెండు వైర్లు తిన్నగా మోటారుకి ఇప్పిస్తే ఇంజన్ లేచింది. వైర్లు తిరగేసి ఇస్తే దిగింది.

"కాలిపోయిన మోటారు ఇలా తిరుగుద్దాండీ?" అన్నారు.

"అయితే రిలే పోయుంటది" అన్నాడు వాటాదారు. స్విచ్ నొక్కితే మోటారుకి కరెంటు వదిలేది రిలే. ఎత్తడానికొకటి, దించడానికొకటి, రెండూ ఒకేలాంటివి. మావయ్య వాటిని అటుదిటు, ఇటుదటు మార్పించారు. అయినా దిగింది గానీ లేవలేదు. ఇక మిగిలింది ఎత్తే వైపు రిలే కూర్చునే గూడు. ఊడదీస్తే లోపల పిన్నుల మీద నల్లగా ఏదో వార్నిష్‌లా గట్టిపడి ఉంది. మావయ్య గోటితో గీకి, గంపలో కాయ చూసినట్టే వాసన చూశారు. మళ్లీ చూశారు. తర్వాత తలెత్తకుండా "సొన" అన్నారు.

కోసిన కాయల తొడిమ విరిచి, సొన కారిపోవడానికి వెదురు తడికెల మీద బోర్లిస్తాం. ఆ ఏడాది చోటు చాలక ఇంజన్ పైన కూడా ఒక తడికె కట్టించింది మావయ్యే. లోపల చెమ్మ ఉందేమోనన్న అనుమానంతో ఇంజన్ మూత తీయించిందీ ఆయనే.

"షెడ్డు నాది. తడికె నేనే కట్టించాను, మూత నేనే తీయించాను. వీడి తప్పేం లేదండీ. బోటు వీడే నడుపుతాడు" అన్నారు వాటాదారుతో. కిరోసిన్ గుడ్డతో పిన్నులు ఆయనే తుడిచి, స్విచ్ నన్ను నొక్కమన్నారు. ఇంజన్ నీళ్లు కారుస్తూ పైకి లేచింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం "ఏదీ, ఇంకోసారి నొక్కు" అన్నారు.

ఆయన ఊరికే నన్ను వెనకేసుకొచ్చుంటే, మేనమామ కదా అని వాటాదారు కొట్టిపారేసేవాడు. నా మాట నమ్మకుండా అడుగుదాకా వెతికారు కాబట్టే ఇవాళ్టికీ ఆ బోటు నా చేతిలో ఉంది.

కర్మలయ్యాక షెడ్డులోకి వెళ్లాను. ఈ వేసవికి దించిన ఇంజన్ మూలనే ఉంది. పైన తడికెలేమీ లేవు. అయినా దాని మీద ఆయన నల్ల గొడుగు తెరిచి, దూలానికి తాడుతో కట్టి ఉంది. నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు ఇంజన్ దించి వెళ్లగానే ఏటా కట్టేవారు" అంది అత్తయ్య. "తడికెలు తీయించేశారు కదండీ అంటే, ఎవరు చూడొచ్చారు అనేవారు. నువ్వొచ్చే రోజు మాత్రం విప్పేసేవారు, నవ్వుతావని."

గొడుగు మీద చెయ్యేసి చూశాను. పొడిగానే ఉంది. అలాగే వదిలేసి వచ్చాను.