ఈశాన్యంలో యాంటెనా

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ అంటే నాకు రోత. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందుల్లో నాలుగంతస్తుల పాత బిల్డింగు మాది. టెర్రస్ మీద ఎవరి చెత్త వాళ్లది. మూలన పడ్డ కూలర్లు, కాళ్లు విరిగిన కుర్చీలు, ఎప్పుడో కనెక్షన్ తీసేసిన డిష్‌లు. ఆ డిష్‌లు తుప్పు పట్టి, వాటి నిండా వాననీళ్లు, నీళ్ల నిండా దోమలు. అన్నిటి మీదా పావురాల రెట్ట. బట్టలారేయడానికి ముక్కు మూసుకుని ఎక్కి, ముక్కు మూసుకునే దిగేదాన్ని. అలాంటి చోటు కోసం బిల్డింగు మొత్తంతో తగువు పెట్టుకుంటానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

మా ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి గాని మాట రాలేదు. కాచిగూడలో ఆయనకు కాగితాల దుకాణం ఉండేది. కొనేవాళ్ల కంటే ఊరికే మాట్లాడిపోదామని వచ్చేవాళ్లే ఎక్కువ. అలాంటి మనిషి మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపించి ఊరుకునేవారు. నారాయణగూడలో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ఆమె చిన్నపిల్ల, నా కూతురంత ఉంటుంది, కానీ ఏదీ దాచకుండా చెప్పేది.

"అమ్మా, మనం అన్న మాట సార్ మళ్ల అంటున్నరు. అది మంచిదే. కానీ మన మాట మళ్ల అనుడు వేరు, తన మనసుల మాట తనంతట తను అనుడు వేరు. అది రావాలె. ఒక్కటి వస్తే చాలు, దాని ఎనకనే మిగతావి వస్తయి. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. మెల్లగ, సాఫ్‌గ మాట్లాడేటోళ్లను రోజూ వినిపియ్యండి. మొహం, పెదవులు కనపడాలె."

మెల్లగా, సాఫ్‌గా మాట్లాడేవాళ్లను ఈ హైదరాబాద్‌లో ఎక్కడని తెచ్చేది? టీవీ పెట్టాను. మన న్యూస్ చానెళ్లు నేను అంతకుముందు చూడలేదని కాదు. కానీ మాట పోయిన మనిషి పక్కన కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది అది ఎంత కంపో. తెర మీద నలుగురు మగవాళ్లు ఒకేసారి అరుస్తుంటారు. వాళ్లను ఆపాల్సినవాడు వాళ్లకంటే గట్టిగా అరుస్తాడు. కింద ఎర్రక్షరాలు ఉరుకుతుంటాయి, వెనక డప్పులు. ఎవరింట్లోనో చావు జరిగితే దానికి కూడా మ్యూజిక్కు. మా ఆయన చెవులు మూసుకునేవారు. మెడ మీద నరాలు ఉబ్బేవి. చానెల్ మారిస్తే అక్కడ ఇంకొకడు దోషాలు పోగొట్టే రాగిరేకు యంత్రాలు అమ్ముతుండేవాడు.

తిప్పగా తిప్పగా సర్కారు వాళ్ల తెలుగు చానెల్ తగిలింది. ఒక్కతే ఆవిడ, చీర కట్టుకుని, కుదురుగా కూర్చుని సాయంత్రం వార్తలు చదువుతోంది. వాక్యం అయ్యాక ఊపిరి తీసుకుని ఇంకో వాక్యం. మా ఆయన చేతులు చెవుల మీద నుంచి దిగాయి. ఆవిడ పెదవులనే చూస్తూ, చివరికి ఆమెతో పాటే "అల్పపీడనం" అన్నారు. అన్నం కావాలా అంటే చెప్పలేని మనిషి బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. రోజూ ఆవిడ వెంట ఆయన, ఆయన వెంట నేను. వర్షాలు, పంటలు, ప్రాజెక్టులు, మంత్రివర్గం. ఇంట్లో ఇలాంటి మాటలు తప్ప వేరేవి లేవు, అయినా నాకు సంతోషంగానే ఉండేది.

అప్పుడే కరెంటు స్తంభాల మీద వేలాడే వైర్లన్నీ కోసేయడం మొదలైంది. మా సందులో స్తంభానికి వైర్లు ఊడల్లా ఉండేవి, కోయడం తప్పని నేననను. కానీ కేబుల్ పోయింది, ఇంటర్నెట్ పోయింది. కేబుల్ అతను రేపు, ఎల్లుండి అంటూ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫోన్‌లో చూపిద్దామంటే అంత చిన్న బొమ్మలో పెదవులు ఆయనకు ఆనేవి కావు.

ముషీరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఆ సమయానికి వచ్చాడు. "అక్కా, పరేషాన్ ఎందుకు? సర్కారు చానెళ్లు గాలిలనే వస్తయి. టవర్ నుంచి ఇప్పుడు డిజిటల్‌ల ఇస్తున్నరు. కేబుల్ వద్దు, డిష్ వద్దు. ఒక యాంటెనా, టీవీ కాడ ఒక చిన్న డబ్బా, అంతే," అన్నాడు. రెండూ కోఠిలో దొరికాయి.

యాంటెనాను ఇనుప పైపుకి బిగించి టెర్రస్ మీదికి మోసుకెళ్లాం. మా చిన్నప్పుడు కూడా డాబా మీద ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి "వచ్చిందా?" అని అరుచుకున్నవాళ్లమే. అప్పుడు బొమ్మ సరిగ్గా రాకపోతే చుక్కలు చుక్కలుగానైనా కనిపించేది. ఈ డిజిటల్‌ది వేరే పద్ధతి. వస్తే అద్దంలా వస్తుంది. కొంచెం తగ్గితే గడులు గడులుగా ముక్కలైపోయి, మాట మధ్యలో తెగిపోయి, ఆ తరవాత అసలే ఉండదు. టవరేమో తూర్పున, రామంతాపూర్ వైపు. మా తూర్పుకి అడ్డంగా కొత్తగా ఒక హాస్టల్ లేచింది. పరీక్షలకు చదువుకునే పిల్లలను అగ్గిపెట్టెలో పుల్లల్లా పెట్టే హాస్టల్. దాని పక్కన మిగిలిన సందులోంచి సిగ్నల్ వచ్చేది టెర్రస్ మీద ఒక్క మూలకే. అక్కడే పైపు నిలబెట్టి పిట్టగోడకు కట్టాం. సాయంత్రానికి తెర మీద వార్తలావిడ వచ్చి నమస్కారం పెట్టింది, మా ఆయన కూడా నమస్కారం అన్నారు.

ఆ మూల ఈశాన్యం అని నాకు తట్టనే లేదు.

మా బిల్డింగులో లిఫ్ట్ పాడైతే మీటింగుకి ఎవరూ రారు. నీళ్ల మోటారు కాలిపోతే ఎవరి ఫోనూ కలవదు. ఈశాన్యంలో ఇనుప రాడ్డు లేచిందని తెలిసిన ఆదివారం మాత్రం అన్ని ఫ్లాట్ల వాళ్లూ కిందికి దిగారు. ప్రెసిడెంటు రెండో అంతస్తులో ఉంటాడు, ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. వెంట ఒక వాస్తు పండితుణ్ణి తీసుకొచ్చాడు. మొహం చూడగానే గుర్తుపట్టాను. పొద్దున్నే చానెల్‌లో యంత్రాలు అమ్మేది ఇతనే. పట్టుపంచె, వేళ్ల నిండా ఉంగరాలు, ఫోన్‌లో దిక్సూచి. టెర్రస్ అంతా తిరిగాడు. దోమలు ముసిరాయి, చెప్పుకి పావురాల రెట్ట అంటింది. అతనికి అవేవీ కనపడలేదు. నా యాంటెనా ముందు ఆగి కళ్లు మూసుకున్నాడు.

"ఈశాన్యం ఇంటికి శిరస్సు. శిరస్సు మీద ఇనుము దింపారు. ఈ ఇంట్లో పిల్లలకు అభివృద్ధి ఉండదు," అన్నాడు.

మూడో అంతస్తు ఆవిడ గొల్లుమంది. వాళ్ల అబ్బాయి ఏళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాడు. అశోక్‌నగర్‌లో పోని కోచింగ్ సెంటర్ లేదు. ఈసారి కూడా లిస్టులో పేరు రాలేదు.

"జరంతల పోయింది వదినా. నువ్వు గా రాడ్డు పెట్టినంకనే గదా రిజల్ట్ వచ్చింది?" అంది.

"పరీక్ష రాసింది రాడ్డు పెట్టకముందు గద వదినా?" అన్నాను.

అందరూ నన్నే దోషిలా చూశారు. ఆ తల్లి ఏడుపు నాకు అర్థమైంది, ఆమె మీద కోపం రాలేదు. ఆ ఏడుపు పక్కనే నిలబడి గంభీరంగా తల ఊపుతున్న ఉంగరాల వేళ్ల మనిషిని చూస్తే మాత్రం రోత పుట్టింది. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసి పెన్షన్లు తీసుకుంటున్నవాళ్లు చేతులు కట్టుకుని అతని ముందు నిలబడ్డారు. మా ఆయనకు మాట రావడానికి పెట్టుకున్నానని చెప్పాను. "మాకు తెల్వదా అమ్మా, కానీ అందరి మంచి కూడ చూడాలె గద," అన్నాడు ప్రెసిడెంటు.

ఆ వారం మేము నారాయణగూడ నుంచి తిరిగొచ్చి టీవీ పెడితే తెర మీద సిగ్నల్ లేదని పడింది. వార్తల వేళ. మా ఆయన అప్పటికే కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ కోసం పెదవులు సర్దుకుని కూర్చున్నారు. నేను పైకి పరుగెత్తాను. పైపు కట్లు విప్పి, డిష్‌ల మీద విసిరేశారు. అల్యూమినియం పుల్లలు రెండు వంగిపోయాయి. వైరు కటింగ్‌ప్లేరుతో తెంపారు. యాంటెనా ఆ మురికినీళ్లలో, ఆ రెట్టలో పడి ఉంది. తీసి నా కొంగుతోనే తుడిచాను. మనుషుల మీద అంత ఏవగింపు నాకు అంతకుముందు పుట్టలేదు.

ప్రెసిడెంటు ఇంటికి పోయి తలుపు బాదాను. ఆయన నెమ్మదిగా, చాయ్ తాగుతూ, నైరుతిలో పెట్టుకొమ్మన్నాడు. నైరుతిలో బరువు ఎంత ఉంటే అంత మంచిదట. నైరుతిలో నీళ్ల ట్యాంకు గోడ ఉంది. దాని చాటున యాంటెనా పెడితే వార్తలు కాదు గదా, గడులు కూడా రావు. మా తమ్ముడు వచ్చి వంగిన పుల్లలు సరిచేసి, తెగిన వైరు అతికించి, గోడ మీదికెక్కి, పైపు ఎత్తి పట్టుకుని చూశాడు. ఏమీ రాలేదు. సిగ్నల్‌కి తూర్పు కావాలి, వీళ్లకి నైరుతి కావాలి.

ఇంట్లో మా ఆయన నోరు మళ్లీ మూతపడింది. ఖాళీ తెర ముందు కూర్చునేవారు. నేను వార్తలావిడలా కూర్చుని పేపరు చదివాను. నా గొంతులో కోపం ఉందో ఏమో, తల తిప్పేసుకునేవారు. ఒకరోజు అల్పపీడనం అనమన్నాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. డాక్టరమ్మ రాసుకుంటున్నది ఆపి, "ఏమైందమ్మా, ఎనక్కి పోతున్నరు?" అంది. వాస్తు అని ఆ పిల్లతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మళ్లీ ప్రెసిడెంటు దగ్గరికే పోయాను. ఈసారి తలుపు బాదలేదు. "ఏదన్న శాంతి ఉంటే చెప్పమనండి అన్నా," అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. అంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పండితుడు ఫోన్‌లోనే దారి చెప్పాడు. దోషమంతా ఇనుములో ఉందట. పైపు ప్లాస్టిక్‌ది అయితే పరవాలేదట. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి, కొబ్బరికాయ కొడితే శిరస్సు మీద భారం దిగిపోతుందట. శుక్రవారం పొద్దున అందరూ మళ్లీ టెర్రస్ ఎక్కారు. అంత చెత్త మధ్య, మళ్లీ ఆ ఈశాన్యం మూలలోనే, ప్లాస్టిక్ పైపు మీద యాంటెనా కొత్త దుకాణంలా ముస్తాబై నిలబడింది. మూడో అంతస్తు ఆవిడ హారతి ఇచ్చింది. ప్రెసిడెంటు కొట్టిన కొబ్బరికాయ నీళ్లు పావురాల రెట్ట మీద పడి జారాయి, ఆ చెక్కలే పంచిపెట్టారు. నేను రెండు చేతులూ జోడించి నిలబడ్డాను. పసుపు పూసిన పైపుకి దండం పెట్టాను.

సాయంత్రం టీవీ పెట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది. వార్తలావిడ ఎప్పటిలాగే నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. మా ఆయన కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తున్నారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన పెదవులు చూస్తున్నాను. నమస్కారం అనలేదు. ముఖ్యాంశాలు అయ్యాయి, ఒక్క మాటా అందుకోలేదు. అయిపోయింది, ఆలస్యమైపోయింది అనుకున్నాను.

ఆయన నా వైపు తిరిగారు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "బంద్... చెయ్" అన్నారు.

ఎవరో చెప్పించిన మాట కాదది. వార్తల్లో లేదు, నేననలేదు. తడుముకుని రిమోట్ వెతికి బంద్ చేశాను. ఆయన ఇంకా నన్నే చూస్తున్నారు. చెయ్యెత్తి నన్ను చూపించారు.

"నువ్వు... చెప్పు."

ఏం చెప్పాలి? నాకు ఏ మంచిమాటా దొరకలేదు. పొద్దున టెర్రస్ మీద జరిగిందే నోటికొచ్చింది. అదే చెప్పాను. ఈశాన్యం దగ్గర మొదలుపెట్టి, వైరు తెంపింది, మా తమ్ముడు ట్యాంకు గోడ ఎక్కింది, పసుపు, నిమ్మకాయలు, నేను దండం పెట్టింది, అంతా. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపకుండా చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా తల తిప్పుకోలేదు. నేను ముగించాక మొహమంతా ముడుచుకుని, తడబాటు లేకుండా అన్నారు.

"ఛీ."