తకతకిట కొట్టిన వాచీ

మొన్న విజయనగరంలో బెల్టు మార్పించుకుందామని వాచీల కొట్టుకి వెళ్తే, అద్దాల బీరువాలోంచి సన్నని టిక్‌టిక్‌లు వినిపించాయి. ఒక్కోదానిదీ ఒక్కో వేగం. కొట్టాయన బెల్టులు చూపిస్తుంటే నా వేలు బల్ల మీద ఏదో లెక్క కడుతోంది. అప్పలనర్సమ్మ గారు అంటించిన అలవాటది.

ఆవిడ వయొలిన్ టీచరు. పత్రికాఫీసులో సగం వయసు గడిచాక ఆవిడ దగ్గర చేరాను. మిగతావన్నీ ఏదోలా వచ్చాయి గాని ఖండగతి పట్టుబడలేదు. ఒక్కో తాళం దెబ్బలో ఐదక్షరాలు ఇమడాలి. నాకు నాలుగో ఆరో అయ్యేవి. ఓ రోజు ఆవిడ తన చేతి వాచీ విప్పి నా చెవికి ఆనించారు. కీ ఇచ్చే పాతకాలపుది.

"ఏటి వినబడతన్నాది బాబూ?"

"టిక్‌టిక్‌మంటోందండీ."

"పేపరోళ్లకి అంతే వినబడతాది. సెకను ముల్లు ఒక్క గీత దాటేలోపు ఎన్ని కొడతన్నాదో సూడు."

ఐదు. తకతకిట, తకతకిట. ఆ తర్వాత వాచీ చెవి దగ్గరుంటే నాకు ఐదు కుదిరేది. తీసేస్తే జారిపోయేది.

ఆ ఏడు రాములవారి పందిట్లో ఆవిడ పక్కన వాయించే అవకాశం వచ్చింది. "ఐదు నిలబడితేనే మీదకెక్కుతావు. నేదంటే కింద కూకుని వింటావు" అన్నారు. సరిగ్గా అప్పుడే వాచీ ఆగిపోయింది. లోపలి చక్రాలు అరిగిపోయాయి, పాత ముక్కలు దొరకవన్నాడు రిపేరు చేసే సింహాచలం. డయలూ, పై కేసూ అవే ఉంచి లోపల కొత్త మెషీను వేసి తెచ్చాడు. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"ఒరే సింహాచలం, ఐదు కొట్టేదాన్ని ఎనిమిది కొట్టేలా సేసినావురా."

"తప్పా టీచరమ్మా?"

"తప్పేటి? సెకను సెకనే కదా."

నాకు మాత్రం ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. ఆవిడ వాచీ నా చేతికిచ్చారు. "దాని ఎనిమిది దాన్ని కొట్టనీ. నువ్వు ఐదు పట్టు. సెకను కాడ రెండూ కలుస్తాయి. మజ్జిలో దాంతో నీకేటి పని?"

మొదట్లో ఎనిమిదిలోనే కొట్టుకుపోయాను. అన్నాళ్లూ నేను ఐదు నేర్చుకోలేదని, వాచీని అనుకరించానని అప్పుడు తెలిసింది. పందిరి మెట్టు మీద కూర్చున్న నా చెవికి ఆవిడ మళ్లీ వాచీ ఆనించి, మోకాలి మీద ఐదు లెక్కపెడుతున్న నా వేళ్ల వంక చూశారు. వెళ్లి కూర్చుని, జంపఖానా మీద కొంచెం పక్కకి జరిగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. "ఏటండీ, లెక్కెడతన్నారు?" అన్నాడు కొట్టాయన. ఏం లేదన్నాను. బీరువాలో వాచీలు ఎవరి వేగం వాళ్లది అన్నట్టు కొట్టుకుంటున్నాయి. నా వేలు ఐదేసి కొడుతూ, సెకను దగ్గర వాటిని కలుసుకుంటోంది.