హన్నమ్మవ్వ హెల్మెట్లు

యేసుప్రభువు పుట్టినప్పుడు చుక్కను చూసుకుంటూ వచ్చిన ముగ్గురు జ్ఞానులదీ మా బంగారు గనుల కేజీఎఫ్. నమ్మకపోతే మారికుప్పం వచ్చి మా హన్నమ్మవ్వ చర్చి గోడమీద వేసిన బొమ్మ చూసుకోండి. ముగ్గురి తలలమీదా కిరీటాలు లేవు. గనిలోకి దిగేవాళ్ల హెల్మెట్లున్నాయి, ముందు దీపాలతో సహా. అంతంత దీపాలుండగా వాళ్లకు చుక్కతో పనేమిటో ఫాదరుగారికి ఇంతవరకూ అంతుపట్టలేదు.

అవ్వకున్న జబ్బు ఇదొక్కటే. డ్రాయింగు టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి, ఏ బొమ్మ వేసినా దాని తలకు హెల్మెట్టు పెట్టందే కుంచె కడగదు. పక్కింటి రంగనాథగారు కూతురు మేధ పెళ్లికి స్వాగతం బోర్డు వేయించుకుంటే, దానిమీది చిలకలు రెండూ షిఫ్టుకు బయల్దేరినట్టే ఉన్నాయి. మా వీధిలోనే పుట్టి ఇప్పుడు ముళబాగిలులో లారీ నడుపుతున్న బచ్చప్ప, బండి వెనక ఆవునూ దూడనూ వేయమన్నాడు.

"దూడనన్నా వదిలేసుండొచ్చు కదమ్మా!" అని వాపోయాడు.

"దానికి చిన్న సైజే వేసినా కదప్పా."

ఇంతవరకూ నవ్వులాటే. పోయిన క్రిస్మస్‌కు మాత్రం వ్యవహారం ముదిరింది. చర్చి కమిటీ పెద్ద జెరాల్డ్ మామ సున్నం బకెట్టుతో వచ్చేశాడు. ఆయన కొత్త వియ్యంకులు బెంగుళూరు నుంచి పండగకు వస్తున్నారు. తన తండ్రి గని ఆఫీసులో పెద్ద గుమాస్తా అని వాళ్లకు చెప్పుకున్నాడాయన.

"కిరీటాలు పెడతావా, గోడంతా సున్నం కొట్టేదా, హన్నమ్మక్కా? మనమెవరో ఇంగ ఊరంతా చాటాల్నా?"

"చాటక? చిత్తూరు పోతే కన్నడమోళ్లంటారు. బెంగుళూరు పోతే తమిళమోళ్లంటారు. మనమెవరో ఆ హెల్మెట్టొక్కదానికే తెలుసురా. కొట్టుకో పో!"

నెల్లాళ్లు నిచ్చెనమీద నిలబడి వేసిన బొమ్మ. కొట్టుకోమన్నదే గాని, చూడలేక అవ్వ అటు తిరిగి కూర్చుంది.

జెరాల్డ్ మామ నిచ్చెనెక్కాడు. మూడో జ్ఞాని దగ్గర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ హెల్మెట్టుకు కుడివైపు సొట్ట. తెగిన గడ్డంపట్టీ ఎర్ర వైరుతో ముడేసి ఉంది.

"ఇది మా నాయినది కదా!" అన్నాడు. "ఆయన పోయినాక పాత సామాన్లోడికి ఇచ్చేసినా. నీకు యాడ దొరికినాది?"

"దొరికేదేమి? మనవి ఎదురెదురు ఇండ్లు. రోజూ షిఫ్టుకు పోతా ఉంటే చూసినా కదరా."

అప్పుడు తెలిసింది నాకు. అవ్వ హెల్మెట్లు ఒకే అచ్చు కావు. ఒక్క ఫోటో అయినా లేకుండా పోయిన మనుషులవి, ఎవరిది వాళ్లదే. బచ్చప్ప ఆవు కూడా వాళ్ల నాయన హెల్మెట్టే పెట్టుకుని ఊళ్లు తిరుగుతోంది.

జెరాల్డ్ మామ నిచ్చెన దిగలేదు. ముక్కు చీదుకుని గొంతు పెంచాడు.

"వాళ్లిద్దరి దీపాలూ వెలుగుతా ఉండాయి. మా నాయిన దీపం ఎందుకు ఆర్పేసినావు?"

"పసుపు రంగు అయిపోయినాది. తెచ్చిస్తే వెలిగిస్తా."

ఆయనే బండేసుకుని పోయి డబ్బా తెచ్చాడు. పండగనాడు వియ్యంకులను గోడ ముందు నిలబెట్టి, ఆ సొట్ట ఎట్లా పడిందో, కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాడు.

అదంతా చూసి నాకూ ఆశ పుట్టింది. పదో తరగతి గట్టెక్కలేదు గాని, గోడెక్కడానికి సర్టిఫికెట్టు అడగరు కదా!

"అవ్వా, నా బొమ్మా ఒకటి వెయ్యవా? నాకెట్లాంటి హెల్మెట్టు పెడతావు?"

అవ్వ నా తలను ఎగాదిగా చూసింది.

"నీకెందుకురా? లోపల కాపాడేదానికి ఏమన్నా ఉండాల కదా."