కంప మీదుగా చాచిన చెయ్యి

నా ఎడమ భుజం మీద టీకా మచ్చలున్నాయి. నంద్యాలలో పుట్టినవాళ్లకు అదొక వింత కాదు. టీకాలు వేసే ఆయన మా వీధికి వచ్చేవాడు, పిల్లలం గోలగోలగా ఏడ్చేవాళ్లం, మా అమ్మ ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టేది, అంతటితో అయిపోయేది. పెళ్లయి ఆళ్లగడ్డ దగ్గర పల్లెకు కాపురానికి పోయాక గానీ ఆ మచ్చల్ని తప్పుపట్టేవాళ్లు కూడా ఉంటారని నాకు తెలియలేదు.

వెళ్లిన మొదటిరోజే మా అత్త నా జాకెట్టు చేతికింద చూసి, "ఏందీ, మీ నంద్యాలోళ్లు అమ్మవారికే అడ్డం పెట్టుకుంటారా?" అంది.

నేను ఊరుకునే రకం కాదు. "పెట్టుకుంటాం అత్తా. అందుకే మా వీధిలో అందరి ముఖాలూ నున్నగుండాయి" అన్నాను.

అన్నాక ఆమె ముఖం చూశాను. నిండా మశూచి గుంటలు. ఇక ఈ ఇంట్లో నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నోరు మాత్రం నున్నగ లేదు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచే మా అత్తంటే నాకు భయం పోయి ఇష్టం మొదలైంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. నాకు పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. టీకాల ఆయన ఆ వీధికి వచ్చే లోపలే మంచిరోజు చూసి మమ్మల్ని అత్తగారింటికి పంపించారు. పిల్ల అప్పుడప్పుడే బోర్లాపడుతోంది. బండి దిగి ఇంకా సర్దుకోలేదు, బనగానపల్లె సంతకు పోయొచ్చిన ఎదురింటి పిల్లవాడికి ఒళ్లు కాలే జ్వరం వచ్చింది. తర్వాత ముఖం మీద పొక్కులు లేచాయి. వాళ్ల గడపకు వేపమండలు కట్టారు. అంటే అమ్మవారు వచ్చిందని అర్థం.

ఆ సాయంత్రమే తప్పెట కొట్టి ఊరు కడుతున్నామని చాటించారు. ఊరు కట్టడమంటే ఏమిటో నేనప్పటిదాకా చూడలేదు. ఊళ్లోకి వచ్చే దారులన్నిటికీ అడ్డంగా రేగుకంప, తుమ్మకంప లాగి పడేశారు. లోపలి మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. అమ్మవారిని సాగనంపేదాకా ఏ ఇంట్లోనూ తాళింపు పెట్టకూడదు, గట్టిగా అరవకూడదు. ఉప్పు, కిరసనాయిలు తెచ్చే అంగడాయన కంప అవతలే నిలబడేవాడు, మనవాళ్లు కంప మీదుగా చెయ్యి చాచి అందుకునేవాళ్లు. చప్పిడి పప్పు తిని తిని నా నాలుక చచ్చిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ కట్టు మంచిదే. మా ఊరి రోగం ఇంకో ఊరికి పోకుండా ఆపింది అదే. అయితే రోగం మాత్రం లోపలే ఉంది, మాతోపాటు. మా ఇంటికీ ఎదురింటికీ మధ్య ఒక్క బండి పట్టేంత సందు. ఆ సందుకు ఇవతల టీకా లేని నా బిడ్డ. నాకు అన్నం సయించేది కాదు.

అలాంటి రోజున ఆళ్లగడ్డ నుంచి టీకాల ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. భుజానికి సంచి, అందులో ఐసుగడ్డల మధ్య మందు. మా ఊరి పెద్దరెడ్డి కంప దగ్గరే ఆయన్ను నిలేశాడు.

"యాడికప్పా? ఊరు కట్టినాం. కనపడల్యా?"

"రోగమొచ్చిందనే గదా వచ్చింది నేను. పిల్లోళ్లకు టీకాలెయ్యాల."

"అమ్మవారు పోయినాక రా."

"అమ్మవారు పోయినాక నాతో పనేముండాది రెడ్డీ?"

కంప ఇవతల నీళ్లబిందెతో నిలబడి వింటున్న నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రోగం రాకుండా చేసే మనిషిని రోగం పేరు చెప్పి బయట నిలబెట్టిన ఊరు మాదొక్కటే అయ్యుంటుంది. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, "రేపు ఈ వైపే ఇంకో ఊరికి పోవాల. పోతా పోతా మళ్లా ఈడ నిలబడతా. ఆ తర్వాత మందు ఉండదు, నేనుండను" అని సైకిలు తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్లి మా ఆయనతో చెప్పాను. "అమ్మనడుగు" అన్నాడు. ఏ విషయమడిగినా ఆయన దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. అత్త తిరగలి ముందు కూచుని జొన్నలు విసురుతోంది.

"అత్తా, రేపు బిడ్డనెత్తుకుని కంప దాటి పోతా. టీకా ఏపించుకుని వస్తా."

తిరగలి ఆగింది. "కట్టు దాటితే నా శవం మీద దాటాల నువ్వు."

"అయితే బిడ్డను అమ్మవారికి ఇచ్చేస్తావా?"

నేను అరిచాను. ఆమె అరవలేదు. గొంతు తగ్గించి చెప్పింది. తను చిన్న కోడలిగా ఉన్నప్పుడు కూడా ఇలాగే ఊరు కట్టారట. భయపడి ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని కట్టు దాటి పుట్టింటికి పారిపోయిందట. అక్కడ ఆమెకూ పిల్లలకూ ముగ్గురికీ పొక్కులు లేచాయి. పిల్లలిద్దరూ పోయారు. ఆమె అన్న కొడుకూ పోయాడు.

"నేను దాటినందుకే పోయినారు మే. మావోళ్ల బిడ్డను గూడా నేనే మింగినా. ఈ ముఖం ఊరికే వచ్చిందనుకుంటాండావా?"

మా ఆయన ఆ తర్వాత పుట్టినవాడు. అంతకు ముందు ఇద్దరున్నారని నాకెవరూ చెప్పలేదు. ఆమె మాట మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి కూడా లేదు. ఒంట్లో దాగిన రోగాన్ని వెంటబెట్టుకుపోయి పుట్టింటికి అంటించింది నిజమే కదా. తిరగలి పిడికి రెండోవైపు నేను చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి విసురుతూ కూచున్నాం. పిండి రాలుతుంటే నాకు అంగడాయన ఉప్పు గుర్తొచ్చింది.

"అత్తా, ఉప్పు ఎట్ల తీసుకుంటాండాం?"

"కంప మీద నుంచి."

"చెయ్యి అవతలికి పోతాంది గదా. అప్పుడు కట్టు తప్పినట్టా?"

"మనిషి ఈడనే ఉండాడు గదా. చెయ్యి పోతే ఏమి?"

"అయితే రేపు నేనూ ఈడనే ఉంటా. ఆయన ఆడనే ఉంటాడు. బిడ్డ చెయ్యి ఒకటే పోతాది."

ఆమె తిరగలి ఆపేసింది. అమ్మవారి ముందు నిలబడి న్యాయం చెబుతున్నంత గంభీరంగా ఆలోచించింది. చివరికి చెంగుతో ముఖం తుడుచుకుని, "ఉప్పుకు లేని తప్పు బిడ్డకేంది?" అంది.

మర్నాడు టీకాల ఆయన రాకముందే మా అత్త పంగలకర్ర, కొడవలి తీసుకుని కంప దగ్గరికి వెళ్లింది. ముళ్లను అటూ ఇటూ తోసి చెయ్యి పట్టేంత కిటికీ చేసింది. పెద్దరెడ్డి పరుగున వచ్చాడు. "ఏందత్తా ఇది?" అన్నాడు. ఊళ్లో అందరికీ అత్తే ఆమె. "నీ కట్టు నీదే రెడ్డీ. మేం కాలు పెడితే అడుగు" అంది. ఆయన పక్కకు తప్పుకున్నాడు. ముందురోజే ఆయన కూడా కంప మీదుగా ఉప్పు పొట్లం అందుకున్నాడు మరి.

సైకిలు వచ్చి ఆగగానే, ముందు తన చెయ్యే కంపలోంచి చాచింది అత్త. టీకాల ఆయన ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. "నీకు అక్కర్లేదమ్మా. అమ్మవారే నీకు టీకా ఏసిపోయింది. ఒకసారొచ్చినోళ్ల జోలికి మళ్లా రాదు."

"రాదా? నిజంగా?"

"రాదు."

"అయితే నేను ఆ ఎదురింట్లోకి పోయి పిల్లోన్ని చూసుకున్నా ఏం గాదా?"

"నీ అంత బాగా చూసుకునేటోళ్లు ఈ ఊళ్లో లేరు పో."

ఇన్నేళ్లూ అద్దం చూడని మనిషి. ఆ మాట విన్నప్పుడు ఆమె మెడ ఎలా నిటారుగా నిలబడిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

తర్వాత నా బిడ్డ. కంపకు ఇవతల నేను, నా చేతుల్లో అది. అవతలి నుంచి ఆయన మందు చుక్క వేసి, చిన్న పళ్లున్న సూదిని చర్మం మీద గిర్రున తిప్పాడు. పిల్ల ఆళ్లగడ్డకు వినబడేలా ఏడ్చింది. నా మోచెయ్యి నిండా ముళ్లు దిగాయి, నాకు నొప్పే తెలియలేదు. నా వెనకాల పక్కింటి దర్జీ భార్య తన కొడుకును ఎత్తుకుని సిద్ధంగా ఉంది. "అత్తే చెయ్యి చాచిందంటే నాకు అడిగేపని లేదు" అంది. ఆమె వెనక ఇంకొకరు. చూస్తుండగానే వీధంతా వరస కట్టింది. మగవాళ్లు మాత్రం వెనక్కి వెనక్కి జరిగారు. పెద్దరెడ్డి చెయ్యి చాచినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని, మా పిల్ల కంటే ఎక్కువ వణికాడు.

అటునుంచి అటే మా అత్త ఎదురింట్లోకి వెళ్లిపోయింది. రోగం మా ఇంటికి మోసుకురాకూడదని మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ పిల్లవాడికి గంజి పోస్తూ, వేపాకుతో విసురుతూ అక్కడే ఉండిపోయింది. తెల్లవారగానే సందుకు అవతల నిలబడి ఒక్కమాటే అడిగేది.

"పొక్కిందా?"

టీకా వేసినచోట పొక్కితేనే పట్టినట్టని ఆయన చెప్పిపోయాడు. "ఇంకా లేదత్తా" అనేదాన్ని. ఆమె లోపలికి పోయేది.

ఒక పొద్దున పిల్ల చొక్కా విప్పితే భుజం మీద పొక్కులు ముత్యాల్లా తెల్లగా లేచి ఉన్నాయి. గట్టిగా అరవకూడదన్న కట్టు నాకు గుర్తే లేదు. "అత్తా! పొక్కింది!" అని ఊరంతా అదిరేలా అరిచాను. దర్జీ ఇంటి నుంచి "మాకూ!" అని ఇంకో కేక. ఆ ఉదయం మా వీధిలో ఎవరూ ఎవరినీ నోరు మూసుకోమనలేదు. నాకైతే కోట గెలిచినంత గర్వంగా ఉంది.

ఎదురింటి పిల్లవాడు బతికాడు. ఆ రోగం ఇంకో గడప ఎక్కలేదు. అమ్మవారిని సాగనంపి, కంప లాగేసిన రోజున ఊరంతా ఒక్కసారిగా తాళింపులు పెడితే ఆ ఘాటుకు అందరికీ తుమ్ములే తుమ్ములు.

మా అత్త తలస్నానం చేసి, కొత్త కోక కట్టుకుని మా గడప తొక్కింది. పిల్లను అడిగి తీసుకుంది. అప్పటికి పొక్కులు రాలిపోయి చిన్న గుంటలు మిగిలాయి. వేలితో ఒక్కొక్కటీ తడిమింది, తర్వాత తన చెంప తడుముకుంది.

"ఇంతేనా మే? నా బిడ్డలు బతికుండేదానికి ఇంత చిన్న మచ్చలు సాలునా?"

ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, పిల్లకు చేతుల్లేని చొక్కా తొడగమంది. దాన్ని చంకనేసుకుని, ఆ భుజం అందరికీ చూపిస్తూ ఊరంతా తిరిగొచ్చింది.