పున్నమ్మ గుట్ట మీద నాటిన ఊరు

పున్నమ్మ గొంతు గురించి ఎర్రగుట్టపాడులో రకరకాలుగా చెప్పుకునేవారు. గుట్ట కింద ఆమె మేకని అదిలిస్తే గురజాల బస్టాండులో కండక్టరు ఉలిక్కిపడి రెండుసార్లు విజిల్ ఊదాడని, బస్సు ఖాళీగానే మాచర్ల దాకా వెళ్ళిపోయిందని ఒక మాట. అందులో నిజం ఎంతో గానీ, బస్సు ఖాళీగా వెళ్ళిన మాట మాత్రం వాస్తవం.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె మాట పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడేది కాదట. మొగుడు అంకారావు క్వారీలో తూటాలు పేల్చేవాడు. ఏడాదికి ఇంత చొప్పున అతని చెవులు పోతూ వచ్చాయి, ఏడాదికి ఇంత చొప్పున ఆమె గొంతు పెంచుకుంటూ వచ్చింది. పాతికేళ్ళకి అతనికి రెండు చెవులూ పూర్తిగా పోయాయనే అనుకున్నారు, ఒక్క పున్నమ్మ మాట వినడానికి తప్ప. ఆ మాట అతనికి వినపడాలంటే ముందు ఊరంతటికీ వినపడాలి.

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, గుట్ట వెనకవైపు క్వారీలో తూటా పేలింది. కొబ్బరికాయంత రాయి ఒకటి గుట్ట దాటి వచ్చి, పున్నమ్మ ఇంటి కప్పులోంచి దిగి, పొయ్యి మీదున్న పప్పుకుండలో పడింది. పున్నమ్మ రాయిని కడగలేదు. పప్పుతో సహా పైటచెంగులో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి నడిచింది.

అక్కడ సర్పంచి త్రికోటేశ్వరరావు, క్వారీ యజమాని, ఫారెస్టు రేంజరు కూర్చుని ఉన్నారు. గుట్ట ముందువైపు కూడా క్వారీకి ఇవ్వమని అర్జీ వచ్చింది, దాని మీద మాటలు నడుస్తున్నాయి. సర్పంచికి రెండు లారీలు ఉన్నాయి. రాయి లేకపోతే లారీలకి పనిలేదు.

"ఈ రాయి మా క్వారీదేనని ఎట్టా చెబుతావమ్మా?" అన్నాడు యజమాని.

"పప్పు నాదేనయ్యా. రాయి మీదో కాదో నాకి చూసి చెప్పండి," అంది పున్నమ్మ.

మూలన బల్ల మీద కూర్చున్న నెహెమ్యా మాస్టారు అప్పుడు లేచాడు. బడి కప్పు బాగుచేయించమని అడగడానికి అయిదోసారి వచ్చి కూర్చున్నాడాయన. ముందువైపు కూడా తవ్వితే పున్నమ్మ ఇల్లు మిగలదు, ఆ తర్వాత బడీ మిగలదు, గుట్టని ఊరికే వదిలేస్తే మొక్కలు పెట్టుకుంటాం అన్నాడు. రేంజరుకి ఆ మాట బాగా నచ్చింది. మాచర్ల నర్సరీలో నాలుగు వందల మొక్కలు ఎవరూ తీసుకెళ్ళక పడున్నాయి. వాటిని ఎక్కడో ఒకచోట దించితే గానీ ఆయనకి బదిలీ కాదు.

"నాలుగు వందలూ ఇస్తాను. వచ్చే ఏడాది జూన్ లో లెక్కపెడతాను," అన్నాడు రేంజరు. "మూడు వందలు బతికుంటే గుట్ట ఊరిదని కాగితం రాస్తాను, ఎవరూ పలుగు పెట్టడానికి లేదు. ఒక్కటి తగ్గినా క్వారీకే."

త్రికోటేశ్వరరావు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ గుట్ట మీద తొండలు తప్ప ఏదీ బతికిన దాఖలా లేదు.

ఆ రోజు నుంచి పున్నమ్మ పప్పుకుండ మీద మొగుడి ఇనప తట్ట బోర్లించి వండటం మొదలుపెట్టింది.

వానలు పడగానే ఊరు ఊరంతా గుంటలు తవ్వింది. మాస్టారు పిల్లలనీ పెద్దలనీ గుట్ట మీదే కూర్చోబెట్టి, అట్ట మీద రంగులతో గీసిన పటం చూపిస్తూ పాఠం చెప్పాడు. పటంలో ఒక చెట్టు, దాని మీద మబ్బు, మబ్బు కింద వాన.

"మాస్టారూ, ఈ మబ్బు మనవైపుదేనా?" అన్నాడు కోటయ్య. "కృష్ణకి అవతల నల్గొండ మబ్బులాగుంది."

మాస్టారు పటం పట్టుకుని అటునుంచి ఇటు వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు మనదే," అన్నాడు. కోటయ్య తృప్తిపడి కూర్చున్నాడు.

కాపలా పున్నమ్మకి ఇచ్చారు. ఆమె మొదట చేసిన పని తన రెండు మేకల మూతులకీ ఎద్దులకి కట్టే చిక్కాలు కట్టడం. ఆ తర్వాత చిక్కు వచ్చింది. ఏ మొక్క ఎలా ఉందో రోజూ చెప్పాలి, నేను రాసుకోవాలి అన్నాడు మాస్టారు. పున్నమ్మకి ఇరవై దాటి లెక్క రాదు. నాలుగు వందల మొక్కల్ని గుర్తుపెట్టుకోవడం ఎలాగా అని రెండు రోజులు గుట్ట చుట్టూ తిరిగింది. మూడో రోజుకి దారి దొరికింది. ఊళ్ళో ఎవరిల్లు ఎక్కడో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. అందుకని ఊరిని తీసుకెళ్ళి గుట్ట మీద పెట్టింది. మొదటి వరస పైబజారు, రెండోది కిందబజారు, తర్వాత చర్చి వీధి, మసీదు సందు. ఇల్లు ఎక్కడుంటే మొక్క అక్కడ, ఇంట్లో ఎందరుంటే అన్ని మొక్కలు, ఎవరి పేరు వాళ్ళ మొక్కకి. ఒక్క తన మొక్కని మాత్రం చివర, మేకల పక్కన పెట్టుకుంది.

సాయంత్రం కాగానే కింద గుడిసె ముందు మంచం మీంచి అంకారావు అడిగేవాడు, "ఏందే, ఎట్టా ఉన్నయ్యి?"

పున్నమ్మ పైనుంచి చెప్పేది. "కోటయ్య ఆకులు ముడిచాడు మామా. సరస్వతమ్మ బాగానే ఉంది గానీ కోడలు ఆమెని మించి పోతంది. చెన్నకేశవులు గారు మోకాలెత్తు వచ్చాడు. సర్పంచి గారికి చీడ పట్టింది."

ఆ వేళకి ఊరంతా టీకొట్టు దగ్గరే ఉంటుంది.

మర్నాడు తెల్లారేసరికి సరస్వతమ్మ బిందెతో గుట్టెక్కుతూ కనిపించింది. వెనకే కోడలు, ఇంకా పెద్ద బిందెతో. పాత క్వారీ గుంటలో నిలిచిన వాననీళ్ళు వాళ్ళిద్దరికే సరిపోయేలా లేవు. కోటయ్య మాత్రం నవ్వేసి ఊరుకున్నాడు. మొక్కకీ మనిషికీ ఏం సంబంధం అన్నాడు. ఆ వారంలోనే బండి మీంచి పడి నడుం పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. పదకొండో రోజు కర్ర ఊతంతో గుట్టెక్కి తన మొక్కకి నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి ఊరు పద్ధతి మారిపోయింది. ఆరెంపీ డాక్టరు అబ్దుల్ రహీమ్ ఎవరికి జ్వరమన్నా ముందు గుట్టెక్కి మొక్క ఆకు చూసి, తర్వాత ఇంటికొచ్చి నాలుక చూసేవాడు. ఎడ్లపాడు నుంచి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లని చూడకముందే ఆమె వేపమొక్కని చూసి, కాస్త ఎడమవైపు వంగిందేమిటని అడిగారు. పిల్ల తండ్రి రాత్రికి రాత్రే దానికి వాసం ఆనించాడు.

అందరికంటే ఇరుకున పడ్డవాడు త్రికోటేశ్వరరావు. గుట్ట క్వారీకి పోవాలంటే మొక్కలు చావాలి. ఆయన మొక్క చస్తే ఆయన పరువు పోతుంది. పైగా పక్క గుంటలో చెన్నకేశవులు ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఎలక్షన్లలో ఎదురు నిలబడుతున్న మనిషి, ఇప్పుడు ఎత్తులో కూడా ఎదురు నిలబడ్డాడు. మిగతావన్నీ ఎండి తనదొక్కటే బతకాలని సర్పంచి కోరిక.

జీతగాడు నాగులు చేత మొదట నీళ్ళు పంపాడు. తర్వాత చెరువుమట్టి పంపాడు. చెన్నకేశవులు నడుమెత్తు దాటాడని పున్నమ్మ కేకేసిన సాయంత్రం బస్తాడు డీయేపీ ఎరువు పంపాడు.

"ఇంత వేస్తే మాడిపోతదిరా నాగులూ," అంది పున్నమ్మ.

"అయ్యకి చెప్పే ధైర్యం నీకుంటే చెప్పుకో పిన్నీ. నాకు మాత్రం బస్తా బరువు దిగాల," అని కుమ్మరించి పోయాడు.

మే నెల వచ్చేసరికి క్వారీ గుంట ఎండింది. ఊరి బోరు దగ్గర ముందు మొక్కలకి పట్టి, తర్వాత మనుషులు తాగారు. అయినా వంద దాకా పోయాయి. మాస్టారు రోజూ పలక మీద కొట్టివేతలు గీసుకుంటూ వచ్చాడు. చివరికి సరిగ్గా మూడు వందలు మిగిలాయి.

రేంజరు రావడానికి నాలుగు రోజుల ముందు పున్నమ్మ సర్పంచి కానుగమొక్క బెరడుని గోటితో గీకి చూసింది. లోపల పచ్చదనం లేదు. ఇంకో చోట గీకింది. అక్కడా లేదు. దాని పక్కనే కూర్చుంది. కింద తన ఇంటి కప్పులో రాయి పడిన చోట తాటాకు వేసిన మాసిక కనిపిస్తోంది.

సాయంత్రం అంకారావు అడిగాడు. ఆ ఏడాదిలో మొదటిసారి ఆమె అబద్ధమాడింది. "సర్పంచి గారు నిద్రపోతన్నాడు మామా." మిగతా మూడు రోజులూ ఆయన్ని లేపలేదు.

జూన్ లో రేంజరు వచ్చాడు. ఆయన వెనక సర్పంచి, క్వారీ యజమాని, చెన్నకేశవులు, పలక పట్టుకుని మాస్టారు. పైబజారు చివర సర్పంచి మొక్క ఒక్కదాన్నీ ఆకు కనపడలేదని పక్కన పెట్టి, మిగతా వీధులన్నీ తిరిగి, మేకల పక్కనున్న పున్నమ్మ మొక్క దగ్గరికి వచ్చేసరికి లెక్క రెండు వందల తొంభై తొమ్మిది. మళ్ళీ వెనక్కి వచ్చి కానుగ ముందు నిలబడ్డాడు.

"ఇది ఎండిపోయిందిగా," అన్నాడు. క్వారీ యజమాని జేబులోంచి పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే కిందనుంచి అంకారావు అడిగాడు. "ఏందే? ఏమన్నాడు?"

పాతికేళ్ళ అలవాటు. మొగుడు అడిగితే జవాబు చెప్పడం ఆమె నోటి పని, అందులో ఆమె ప్రమేయం ఉండదు. తెలిసేలోపే మాట బయటికి పోయింది.

"సర్పంచి గారు పోయాడు మామా."

ఆ మాట గుట్ట దిగింది, పైబజారు తిరిగింది, సర్పంచి ఇంటి వసారాలో చింతపండు గింజలు తీస్తున్న ఆయన తల్లి పిచ్చమ్మ దగ్గర ఆగింది. పున్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, అప్పటికే ఏడుపు కిందనుంచి పైకి ఎక్కుతోంది. ముందు పిచ్చమ్మ, వెనక పదిమంది ఆడవాళ్ళు, ఆ వెనక స్టెతస్కోపుతో అబ్దుల్ రహీమ్.

"అమ్మా, నేనిక్కడే ఉన్నా," అన్నాడు త్రికోటేశ్వరరావు.

"నువ్వు కనపడతన్నావులేరా. పోయింది ఇక్కడ," అని పిచ్చమ్మ ఎండిన పుల్లని కావిలించుకుంది.

"అది మొక్కమ్మా."

"కోటయ్యదీ మొక్కే. నీకన్నా గట్టివాడు, పది రోజులు లేవలేదు."

రహీమ్ ముందు పుల్లని చూశాడు, తర్వాత సర్పంచి నాడి పట్టుకున్నాడు. "చానా నీరసంగా ఉంది," అన్నాడు. ఏది అని ఎవరూ అడగలేదు.

చెన్నకేశవులు భుజం మీద తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. "ఎంతైనా మంచి మనిషి," అన్నాడు మాస్టారుతో, అందరికీ వినపడేలా. "వచ్చే ఎలక్షన్లకి వాళ్ళవైపు ఎవరిని నిలబెడతారో ఏమో పాపం."

త్రికోటేశ్వరరావు మొహం ఎర్రబడింది. "బతికే ఉంది. రాయండి," అన్నాడు.

"రావు గారూ, ఇది పుల్ల," అన్నాడు రేంజరు.

"ఈ ఊరి సర్పంచిని నేను చెబుతున్నా. పుల్ల కాదు."

క్వారీ యజమాని ఆయన చొక్కా పట్టి లాగాడు. "రావు గారూ, ఇక్కడ ఆగితే గుట్ట మనది. మీ లారీలు..."

"లారీ తోలుకోవటానికి నేనుండాలి గదయ్యా," అని సర్పంచి చొక్కా విదిలించుకున్నాడు.

రేంజరుకి తల తిరిగింది. పున్నమ్మ వైపు చూశాడు. "కాపలా నీది. నువ్వు చెప్పమ్మా, ఇది ఉందా, లేదా?"

పున్నమ్మ పుల్లని చూసింది, పుల్లని పట్టుకున్న పిచ్చమ్మని చూసింది, ఇంటి కప్పు వైపు చూసింది.

"అయ్యే స్వయంగా ఉన్నానంటంటే, లేడనటానికి నేనెంతదాన్నయ్యా," అంది.

మూడు వందలు అని రాసి, సర్పంచి చేత సాక్షి సంతకం పెట్టించుకుని రేంజరు వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఆయనకి బదిలీ అయింది, గుట్ట ఊరిదని కాగితమూ వచ్చింది.

ఆ తర్వాత చాలా రోజులు నాగులు తెల్లవారుజామునే వచ్చి పుల్లకి పచ్చి కానుగరెమ్మలు తాడుతో కట్టి పోయేవాడు. వానలు పడ్డాక పున్నమ్మ ఎవరికీ చెప్పకుండా పుల్ల పీకేసి అక్కడ జానెడు కానుగమొక్క నాటింది. మూడో రోజున త్రికోటేశ్వరరావు వచ్చి, చెన్నకేశవులు మొక్క పక్కన దాన్ని చూసి నిలబడ్డాడు.

"ఏమే పున్నమ్మా, పొట్టివాణ్ణయ్యానే."

"వయసు మీద పడితే అంతేనయ్యా," అంది ఆమె. ఆయన చెంబుతో నీళ్ళు పోసి వెళ్ళాడు.

ఇంటికొచ్చి పున్నమ్మ పప్పుకుండ మీంచి ఇనప తట్ట తీసింది. మొక్కలకి ఎరువు మొయ్యడానికి పనికొస్తుందని గోడకి ఆనించింది. మాసికలోంచి కాస్త వెలుగు పడి పప్పు పచ్చగా ఉడుకుతోంది.

గుట్టెక్కి మేకల్ని తోలేసరికి పొద్దు వాలింది. కిందనుంచి అంకారావు అడిగాడు, "ఏందే, ఎట్టా ఉంది ఊరు?"

"అందరూ ఉన్నారు మామా," అని చెప్పింది.

టీకొట్టు దగ్గర ఊరు ఆ మాట విని, గ్లాసులు కింద పెట్టి, అన్నాలకి లేచింది.